ఊళ్లో పిల్లల చట్టాలను పనిచేయించడం ఎట్లా: వయసు కాగితం నుంచి కోర్టు సాక్ష్యం దాకా

పదిహేనేండ్ల పిల్ల పెండ్లి ఆగకపోయినా, ఇటుక బట్టీలో పిల్లగాడు అట్లనే ఉండిపోయినా, పిల్లల మీద లైంగిక దాడి (పోక్సో) కేసు కోర్టులో వీగిపోయినా "చట్టాల్లో పస లేదు" అనే మాట వినిపిస్తుంది. పస ఉంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పని చెడేది ఎక్కువగా రెండు చోట్ల. వయసు తేల్చే కాగితం సమయానికి చేతికి రాదు. అది వచ్చేలోపు పెద్దమనుషులు కూర్చుని రాజీ రాయిస్తారు. ఈ రెండు చోట్ల గట్టిగా నిలబడితే మిగతా దారి కొంత తేలిక. సర్పంచు, టీచరు, అంగన్‌వాడీ, ఆశా, మహిళా సంఘం లీడరు, పక్కింటి మనిషి, ఎవరైనా చేయగలిగిన పనులనే కింద వరుసగా చెప్తున్నాం.

మొదటి పని: వయసు

ఒక్కో చట్టం ఒక్కో దగ్గర గీత గీసింది. పోక్సో చట్టానికి (2012), జువెనైల్ జస్టిస్ చట్టానికి (2015) 18 ఏండ్ల లోపు అందరూ పిల్లలే, ఆడైనా మగైనా. బాల్య వివాహాల నిషేధ చట్టానికి (2006) అమ్మాయైతే 18, అబ్బాయైతే 21. బాల కార్మిక చట్టం 2016 సవరణ తర్వాత 14 లోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరం. 14 నుంచి 18 మధ్య వాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టుకోకూడదు. విద్యా హక్కు 6 నుంచి 14 దాకా.

వయసును ఏ కాగితంతో తేల్చాలో జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ వరుస చెప్పింది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అది లేకుంటేనే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకుంటేనే ఎముకల పరీక్ష. ఈ వరుస తప్పితే కేసు అక్కడే కుంటుతుంది. ఎముకల పరీక్ష ఒక తేదీ చెప్పదు, "16 నుంచి 18 మధ్య" అన్నట్టు ఒక అంచనా ఇస్తుంది. ఆ రెండేండ్ల సందులోంచే నిందితుడి వకీలు బయటికి లాగుతాడు. బడి రిజిస్టరు దొరికే వీలుండగా పిల్లను ఎక్స్‌రేకు పంపుతామంటే ఒప్పుకోవద్దు.

ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే చెప్పి, బడి కాగితానికే బలమిచ్చింది. ఊళ్లల్లో ఇది తెలియాలి, ఎందుకంటే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలకు పెండ్లినాటికి పిల్లకు 18 నిండి ఉండాలి. దాని కోసం ఆధార్‌లో తేదీ మార్పించుకుని, పెండ్లి ఆపడానికి వచ్చినవాళ్ల ముందు అదే కార్డు పెడతారు. కార్డు చూసి వెనుదిరగకండి. "పిల్ల ఒకటో తరగతి ఎక్కడ చదివింది?" అని అడగండి.

ఆ బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. హెడ్మాస్టరు దాన్ని తీసినప్పుడు నాలుగు గడులు చూడాలి: అడ్మిషన్ నంబరు, చేర్చిన తేదీ, అంకెల్లో పుట్టిన తేదీ, అక్షరాల్లో పుట్టిన తేదీ. అంకెల మీద వైట్‌నర్ పూసి దిద్దినా అక్షరాల గడి మర్చిపోతారు. రెండూ కలవకపోతే అక్షరాల్లో ఉన్నదే చాలాసార్లు మొదటిది. ఇంకో సంగతి: పాత రిజిస్టర్లలో సగం తరగతి జూన్ నెలలోనే పుట్టినట్టు కనబడుతుంది. బడి తెరిచేది జూన్‌లో, పిల్లకు అయిదేండ్లు నిండినట్టు లెక్కేసి సారు వేసిన తేదీ అది. నిజం తేదీ కాకపోవచ్చు, అయినా చట్టం మొదట చూసేది దాన్నే. కోర్టులో "ఈ తేదీ ఎవరు చెప్తే రాశారు?" అనే ప్రశ్న వస్తుంది కాబట్టి ఆ పేజీకి హెడ్మాస్టరు సంతకం, ముద్ర, తేదీతో నకలు తీసుకుని పెట్టుకోవాలి. టీసీ ఒక్కటే చాలదు. తర్వాత చదివిన బడి టీసీ కన్నా మొదటి బడి రిజిస్టరుకే గట్టిదనం.

ఇదంతా ఆపద వచ్చాక పడే పాట్లు. పుట్టినప్పుడే నమోదు చేయిస్తే సగం తప్పుతుంది. 21 రోజుల్లో ఖర్చు లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అయిపోతుంది. ఏడాది దాటితే రెవెన్యూ మేజిస్ట్రేటు ఆర్డరు తెచ్చుకోవాలి, అంటే ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికీ, అన్నింటికీ ఈ ధ్రువపత్రమే మూలం. వలస పోయిన చోట, ముంబైలోనో పుణెలోనో పుడితే అక్కడే నమోదవుతుంది. ఊరికొచ్చాక పంచాయతీలో రాయించలేరు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం పారేయొద్దని వలసపోయే వాళ్లకు ముందే చెప్పాలి.

పెండ్లి ఆపడం

పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. ఇంటర్ కాలేజీ ఇరవై కిలోమీటర్లు, బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వైశాఖంలో ముహూర్తాలుంటాయి. మన దగ్గర బాల్య వివాహం చాలావరకు ఈ మూడు కలిసినప్పుడు వచ్చేదే. కాబట్టి వినిపించగానే కదలాలి, లగ్గం రోజు దాకా ఆగొద్దు. పందిట్లో పోలీసులు దిగితే పిల్ల పరువు పోయిందని ఇల్లంతా ఆ పిల్ల మీదే పడుతుంది, వంటలు పారబోయాల్సి వచ్చిన కోపం సమాచారం ఇచ్చినవాళ్ల మీద పడుతుంది. కనీసం మూడు నాలుగు రోజుల ముందు, ఆ మధ్యలో కోర్టు పనిదినం ఒకటి ఉండేట్టు ఫోన్ చేయండి. కోర్టు ఎందుకో కింద చెప్తాం.

1098కి చేయాలి. ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతుంది. 2023 నుంచి దీన్ని ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ యంత్రాంగమే నడుపుతోంది, 112తో కలిపారు. మీ పేరు చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఇట్లా ఉండాలి: "ఫలానా మండలం, ఫలానా తండా. పిల్ల పోయినేడు ఫలానా హైస్కూల్లో తొమ్మిది చదివింది. బుధవారం తెల్లారగట్ల 4:20కి లగ్గం. పిల్లగానిది పక్క మండలం ఫలానా ఊరు. లగ్గం పిల్లగాని ఇంటికాడ." బడి పేరు చెప్తే వాళ్లు దారిలో ఉండగానే హెడ్మాస్టరు నుంచి వయసు తెప్పించుకుంటారు. లగ్గం ఎవరింటి దగ్గరో చెప్పకపోతే బృందం పిల్ల ఊరికి పోతుంది, పెండ్లి ఇంకో ఊళ్లో జరిగిపోతుంది. పెండ్లి పత్రిక ఉంటే ఫోటో పంపండి. వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. మండలంలో బాల్య వివాహ నిషేధ అధికారిగా పనిచేసే తహసీల్దారుకో, సీడీపీఓకో (అంగన్‌వాడీలను చూసే అధికారి) నేరుగా చెప్పినా సరే.

అధికారులు వస్తారు, కౌన్సెలింగ్ చేస్తారు, 18 నిండేదాకా పెండ్లి చేయబోమని తల్లిదండ్రులతో హామీ పత్రం రాయించుకుంటారు, ఒక్కోసారి బైండోవర్ చేస్తారు, అంటే పూచీకత్తు తీసుకుంటారు. పేపర్లో "బాల్య వివాహం అడ్డుకున్న అధికారులు" అని వస్తుంది. చాలా కేసులు చెడిపోయేది సరిగ్గా ఇక్కడే. వారం తిరక్కముందే పిల్లను చుట్టాలింటికని తీసుకుపోయి గుట్ట మీది గుడిలోనో, కృష్ణ దాటి రాయచూరు వైపో, తుంగభద్ర దాటి కర్నూలు వైపో తాళి కట్టిస్తారు. హామీ పత్రం చూపించి ఆ పెండ్లిని చెల్లకుండా చేయలేం.

చెల్లకుండా చేసేది బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద వచ్చే నిషేధ ఉత్తర్వు. ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఇస్తారు. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, గద్వాల లాంటి పట్టణాల్లో ఈ కోర్టులున్నాయి. దరఖాస్తు నిషేధ అధికారే వేయాలనేం లేదు, సంగతి తెలిసిన ఎవరైనా వేయొచ్చు. తొందరైతే అవతలి వాళ్లకు నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. జతచేయాల్సినవి మూడు: వయసు నకలు, పెండ్లి పత్రిక లేదా ముహూర్తం వివరం, హామీ పత్రం ఉంటే దాని నకలు. ఉత్తర్వు ఉండగా కట్టిన తాళి 14వ సెక్షన్ ప్రకారం మొదట్నుంచే చెల్లదు; ధిక్కరించినవాళ్లకు రెండేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇంత పదునైన సెక్షన్ ఫైళ్లలోనే తుప్పు పడుతోంది, అడిగేవాళ్లు తక్కువ. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంతని అడగకూడదు. దాని ఫోన్ నంబరు 15100.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు జైలు మాట ముందే తీయకండి. "ఇంకో పది నెలలు ఆగితే లక్షా నూటపదహార్లు వస్తాయి, ఇప్పుడు చేస్తే అవీ పోతాయి, కేసూ అవుతుంది" అన్న లెక్క వాళ్లకు తొందరగా ఎక్కుతుంది. కస్తూర్బా విద్యాలయంలో సీటు, ఇంటర్ అక్కడే ఉంటే ఇంకా మేలు, అదే రోజు మాట్లాడిపెట్టండి. చేతిలో సీటు లేకుండా "చదివించండి" అంటే అది గాలి మాట. పంతులుకు, ఫంక్షన్ హాలు ఓనరుకు ముందే చెప్పిపెట్టడం కూడా పనిచేస్తుంది: 10వ సెక్షన్ కింద పెండ్లి జరిపించినవాళ్లకూ, తోడ్పడ్డవాళ్లకూ రెండేండ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. బెయిలు హక్కుగా దొరకని నేరం. తల్లికి జరిమానా ఉంటుందిగానీ జైలుశిక్ష వేయకూడదు.

పిల్లను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకుపోతారు. ప్రతి జిల్లాకూ ఈ సమితి ఉంటుంది, ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. తండ్రి పక్కన కూర్చుంటే ఏ పిల్లా నిజం చెప్పదు. ఒంటరిగా మాట్లాడించమని సమితిని అడగండి. ఇంటికి పంపితే మొదటి నెలంతా వారానికి రెండుసార్లు అంగన్‌వాడీ టీచరో సూపర్‌వైజరో పిల్లను కండ్లారా చూసి రావాలి. మూఢాలు పోయి మళ్లీ ముహూర్తాలు మొదలైన వారం ఇంకో కన్నేయాలి.

పెండ్లి అప్పటికే అయిపోయుంటే? పిల్ల తలచుకుంటే రద్దు చేయించుకోవచ్చు. మైనరుగా ఉండగా పెద్దల ద్వారా, మేజరయ్యాక తానే, 20 ఏండ్లు నిండేలోపు జిల్లా కోర్టులో అర్జీ వేయాలి. భర్త మైనరైతే అతని తల్లిదండ్రుల నుంచి కూడా భరణం, ఉండటానికి చోటు ఇప్పించే అధికారం కోర్టుకుంది. పెండ్లిలో ఇచ్చిన సొమ్ము వెనక్కి వస్తుంది. పుట్టిన పిల్లలు సక్రమ సంతానమే. బలవంతంగానో, మోసంతో తీసుకుపోయో, అమ్మేసో చేసిన పెండ్లయితే రద్దు అర్జీ కూడా అక్కర్లేదు, అది 12వ సెక్షన్ కింద అసలు పెండ్లే కాదు. ఇంకొకటి: 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 18 నిండని భార్యతో సంసారం కూడా అత్యాచారమే. అందుకే మైనరు గర్భిణి ప్రసవానికి వస్తే ఆసుపత్రి పోలీసులకు చెప్తుంది. "పెండ్లి చేశాం కదా" అన్నది జవాబు కాదు.

లైంగిక దాడి జరిగితే: మొదటి మూడు రోజులు

పిల్ల ఏదైనా చెప్తే ఒక్కసారే వినండి. "ముందే ఎందుకు చెప్పలే?", "నువ్వెందుకు పోయినవ్?" అనే ప్రశ్నలు వేయకండి. పిల్ల ఏ మాటలు వాడిందో అవే మాటలు కాగితం మీద రాసి తేదీ, టైము వేయండి. లంబాడీలో చెప్తే లంబాడీ మాటలే తెలుగు లిపిలో రాయండి. పెద్దలు తమ మాటల్లోకి మార్చి రాస్తే, తర్వాత మేజిస్ట్రేటు ముందు పిల్ల చెప్పేదానికీ దానికీ తేడా వచ్చి, ఆ తేడానే కేసును తింటుంది.

తర్వాత ఆసుపత్రి. వీలైతే స్నానం చేయించకుండా తీసుకుపోవాలి. చేయించేసినా వెళ్లాల్సిందే. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకొద్దు. తడి ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కోటి ఒక్కో కాగితం కవర్లో పెట్టాలి. అందరూ చేసే తప్పు పాలిథిన్ సంచి: లోపల తేమ నిలిచి బూజు పట్టి, ల్యాబుకు పోయేసరికి ఏమీ మిగలదు. కవరు లేకుంటే పాత దినపత్రికలో చుట్టినా మేలు. ఒంటి మీద ఆనవాళ్లు సాధారణంగా 96 గంటల దాకా సేకరిస్తారు. హెచ్‌ఐవీ రాకుండా మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, గర్భం రాకుండా మాత్ర ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. అందుకే పోలీసు స్టేషన్ కన్నా ఆసుపత్రి ముందు.

"ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తాం" అని ఏ ఆసుపత్రీ అనకూడదు. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ప్రథమ చికిత్స ఉచితంగా చేయాల్సిందే. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షించాలి, పిల్ల నమ్మిన మనిషి పక్కన ఉండాలి. రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు తప్పుపట్టింది, చేస్తామంటే వద్దనండి. గర్భం వచ్చుంటే మైనరుకు 24 వారాల దాకా తీసేయించుకునే వీలుంది, సంరక్షకుల సమ్మతితో. ఆ గడువు దాటితే హైకోర్టుకు పోవాలి, కాబట్టి వారాలు లెక్కపెట్టుకోండి.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. "మా పరిధి కాదు" అంటే, పరిధి చూడకుండా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో అది రాసే ఉంది. దరఖాస్తులో రాయాల్సింది తక్కువే: పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, మొదట ఎవరికి చెప్పింది. తేదీ గుర్తులేకుంటే ఊహించి రాయొద్దు. "బోనాల ముందు వారం", "బతుకమ్మ సెలవుల్లో" అని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది, నిలబడుతుంది. ఆలస్యమైతే ఎందుకైందో ఒక వాక్యం: భయపెట్టాడు, ఇంట్లో వద్దన్నారు, అంతే. పిల్ల ఎస్సీ లేదా ఎస్టీ అయి, నిందితుడు ఆ వర్గాలవాడు కాకపోతే కులం దరఖాస్తులోనే రాయండి. అట్రాసిటీ చట్టం కూడా పడుతుంది, డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి, కలెక్టరు నుంచి వేరే సహాయం వస్తుంది. తర్వాత చేర్పిద్దామనుకుంటే నెలలు పడుతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బులు లేకుండా ఇవ్వాలి, తీసుకున్నాకే కదలండి.

పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకు ఇష్టమైన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. నల్లగొండలో భరోసా కేంద్రం ఉంది, జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. వాంగ్మూలం, కౌన్సెలింగ్ అక్కడ జరిపించమని అడగొచ్చు. ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచండి. అయినా కదలకపోతే న్యాయ సేవాధికార సంస్థ వకీలు ద్వారా మేజిస్ట్రేటుకు. ఫిర్యాదు రాసుకోకపోవడం పోక్సో 21వ సెక్షన్ కింద నేరమే. తెలిసీ చెప్పని మామూలు మనిషికి ఆరు నెలల దాకా, హాస్టల్ వార్డెనో ప్రిన్సిపాలో దాచిపెడితే ఏడాది దాకా జైలు. మంచి మనసుతో చెప్పి పొరపాటైతే చెప్పినవాళ్లకు ఏమీ కాదు.

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి రిపోర్టు చేయాలి. ఆ సమితి మూడు ఇవ్వగలదు, మూడూ అడిగితేనే వస్తాయి. ఒకటి, కేసు అయ్యేదాకా పిల్ల పక్కన ఉండే సహాయక వ్యక్తి. రెండు, తిండికీ, బట్టకూ, రాకపోకలకూ తక్షణ సాయం, సిఫార్సు చేసిన వారంలో అందాలి. మూడు, ప్రత్యేక కోర్టు ద్వారా మధ్యంతర పరిహారం. కోర్టు ఆర్డరు వచ్చిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి, నిందితుడికి శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు.

ఇక రాజీ. సాధారణంగా మూడో రోజో నాలుగో రోజో వస్తారు. "పిల్ల భవిష్యత్తు పాడైతది, ఇంత తీసుకోండి", లేదంటే "మా పిల్లగానికే ఇచ్చి చేద్దాం." పోక్సో రాజీ పడే నేరం కాదు. డబ్బు తీసుకుని కాగితం రాసినా కేసు పోదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇంకోసారి చెప్పింది. పోయేది పిల్ల మాట మీద నమ్మకం: తల్లిదండ్రులు కోర్టులో అడ్డం తిరిగితే పిల్ల ఒంటరవుతుంది. ఎవరు, ఎప్పుడు వచ్చి ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసి దర్యాప్తు అధికారికి చెప్పండి. సాక్షిని బెదిరించడం వేరే నేరం. ఆ వారం రోజులు ఇంట్లో ఒక గట్టి మనిషి, మేనత్తో పెద్దమ్మో, ఉండేట్టు చూడటం ఏ సెక్షన్‌లోనూ లేదుగానీ అన్నింటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

పిల్ల పేరు, ఇల్లు, బడి, తండ్రి పేరు, ఫోటో, ఇవేవీ బయటికి రాకూడదు. ఊరి వాట్సాప్ గ్రూపులో "న్యాయం కావాలి" అని ఫోటో పెట్టినవాళ్ల మీదా కేసు అవుతుంది.

పదహారు, పదిహేడేండ్ల పిల్లలు ఇష్టపడి వెళ్లిపోయిన సందర్భాల్లో కూడా ఇదే చట్టం పడుతుంది. 18 లోపు సమ్మతికి విలువ లేదు. కేసు పెట్టాక కుర్రాడి మీద కనీస శిక్షే పదేండ్లు, పిల్లకు 16 లోపైతే ఇరవై. పంతం మీద పరుగెత్తేముందు రెండిండ్లవాళ్లకూ ఈ అంకెలు తెలిసుండాలి.

బట్టీ, సీడ్ పత్తి

గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ ఎట్లా జరుగుతుందో చూస్తే పిల్లలు బడికి ఎందుకు రారో తెలుస్తుంది. మధ్యాహ్నం దాటాక మొగ్గ ఒలిచి, రేకులతో పాటు పుప్పొడి గొట్టాన్ని వేళ్లతో గిల్లేస్తారు. మర్నాడు పొద్దున ఎండ ముదరకముందే మగ పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దుతారు. రెండు పూటలూ పనే, రెండూ బడి వేళలే. చెట్టు ఎత్తుకు సరిపోతారని, చిన్న వేళ్లని పిల్లల్ని పెడతారు. మందు కొట్టిన చేలో.

"మా ఇంటి పిల్లలే" అనేది మొదట వచ్చే జవాబు. చట్టంలో కుటుంబ పనికి మినహాయింపు ఉంది నిజమే, కానీ సొంత కుటుంబం పని అయి ఉండాలి, బడి అయ్యాక లేదా సెలవుల్లోనే, రాత్రి 7 నుంచి పొద్దున 8 మధ్య చేయించకూడదు, విరామం కాక రోజుకు మూడు గంటలకు మించకూడదు. బట్టీ ఓనరుది, సీడ్ చేను ఆర్గనైజరుతో (విత్తన కంపెనీ తరఫు మధ్యవర్తి) ఒప్పందంలో ఉన్న రైతుది; కూలి పిల్లలకు ఈ మినహాయింపు రాదు. ఫిర్యాదు చేసేటప్పుడు బడి వేళలో, పని జరుగుతున్న చోట కనబడిన పిల్లల సంఖ్య, సర్వే నంబరు లేదా చేను గుర్తు, ఓనరు పేరు, ఉదయమా సాయంత్రమా చెప్పండి. ఆదివారం పోయిన బృందం ఉత్తచేతులతో వస్తుంది. 1098తో పాటు కార్మిక శాఖకు పెన్సిల్ పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని పిల్లల్ని విడిపించే తనిఖీలు జరుగుతాయి, ఆ నెలల్లో పోలీసులు, కార్మిక శాఖ కలిసే తిరుగుతారు కాబట్టి ముందే సమాచారం ఇస్తే పని తొందరగా అవుతుంది.

యజమానికి ఆరు నెలల నుంచి రెండేండ్ల జైలు, 20,000 నుంచి 50,000 జరిమానా, లేదా రెండూ. తల్లిదండ్రులకు మామూలుగా మొదటిసారి శిక్ష లేదు, ఇది వాళ్లకు చెప్పండి, భయంతో పిల్లల్ని దాచేస్తారు. ప్రభుత్వం ఒక్కో పిల్ల పేరున 15,000 పునరావాస నిధిలో వేయాలి, జరిమానా కూడా అందులోకే పోతుంది.

గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా కుటుంబమంతా కదలకూడదంటే అది వెట్టి. పాలమూరు నుంచి బయటికి పోయే వాళ్లకూ, ఒడిశా నుంచి యాదాద్రి భువనగిరి వైపు బట్టీలకు వచ్చేవాళ్లకూ ఒకటే చట్టం, 1976 నాటి వెట్టి చాకిరీ రద్దు చట్టం. ఫిర్యాదు కలెక్టరుకో ఆర్డీఓకో. ఇక్కడ పట్టుబట్టి తీసుకోవాల్సిన కాగితం విడుదల ధ్రువపత్రం. అది లేకుండా బస్సెక్కించి సొంతూరికి పంపేస్తే అడ్వాన్సు అప్పు రద్దయినట్టు రుజువుండదు, 30,000 దాకా తక్షణ సాయం రాదు, పిల్లలకు, ఆడవాళ్లకు రావాల్సిన 2 లక్షల పునరావాసమూ రాదు. బట్టీ ఖాతా పుస్తకంలో ఆ కుటుంబం పేజీని అధికారుల ఎదుట ఫోటో తీయించండి. రెండో రోజుకు ఆ పుస్తకం ఉండదు. 18 లోపు పిల్లల్ని అట్లా కట్టిపడేస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 79వ సెక్షన్ కూడా వేయించాలి, అయిదేండ్ల దాకా కఠిన జైలు.

బయటికి తెచ్చిన పిల్లకు వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, ఏడాది మధ్యలో అయినా.

తప్పిపోతే, వద్దనుకుంటే

పిల్ల కనబడకపోతే "ఒక రోజు చూద్దాం" అనే మాట ఒప్పుకోవద్దు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు ప్రతి తప్పిపోయిన పిల్ల విషయంలో ఎఫ్‌ఐఆర్ కట్టి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే వెతకాలి. నాలుగు నెలల్లో దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పోవాలి. ఇటీవలి ఫోటో, వేసుకున్న బట్టలు, ఫోన్ ఉంటే నంబరు, ఈ మూడూ పట్టుకుపోండి.

సాకలేమనుకున్న పసిగుడ్డును బాలల సంక్షేమ సమితికి అప్పగించడం నేరం కాదు. రెండు నెలల్లోపు మనసు మార్చుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. నోటిమాటగా వేరేవాళ్లకు ఇచ్చి డబ్బు పుచ్చుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్, అయిదేండ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా, మధ్యవర్తికీ అంతే. ప్రసవానికి ముందే ఆశా కార్యకర్త ఈ తేడా చెప్పగలిగితే మేలు.

కేసు నడిచే కాలం

పోక్సో పెద్ద సెక్షన్లలో దర్యాప్తు రెండు నెలల్లో పూర్తి కావాలి. కోర్టు కేసు స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం, వీలైతే ఏడాదిలో విచారణ పూర్తి అని చట్టం. నడిచేది అంతకన్నా మెల్లగా. సాక్ష్యం రోజున పిల్లకు నిందితుడు కనబడకూడదు. తెర కావాలని సహాయక వ్యక్తి ద్వారా ముందురోజే అడగాలి, ఆ పొద్దున అడిగితే ఏర్పాటు ఉండదు. వకీళ్లు నేరుగా పిల్లను అడగరు, జడ్జి ద్వారానే అడగాలి. మధ్యమధ్య విరామం అడగొచ్చు. ఒక వారం ముందు కోర్టు హాలు ఖాళీగా ఉన్నప్పుడు పిల్లకు చూపించండి, జడ్జి ఎక్కడ కూర్చుంటారు, తాను ఎక్కడ కూర్చోవాలి అన్నది తెలిస్తే సగం బెదురు పోతుంది. జరిగింది బట్టీ పట్టించొద్దు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పొచ్చని మాత్రం చెప్పండి.

కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు అడిగి రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీరే చూసుకోవచ్చు. సమన్లు పాత చిరునామాకు పోయి, కుటుంబం వలసలో ఉండి, సాక్షులు రాలేదని వాయిదాలు పడటం మన దగ్గర మామూలు. అందుకే హైదరాబాదుకో ముంబైకో కదిలేముందు కొత్త ఫోన్ నంబరు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆఫీసులోనూ, స్టేషన్‌లో కోర్టు డ్యూటీ చూసే కానిస్టేబుల్ దగ్గరా రాయించి పోవాలి. వచ్చిన రోజు బస్సు టికెట్లు పారేయకుండా సాక్షి బత్తా అడగండి.